ఆరో నంబరు స్ఫటికం

అచ్యుత్ తెరమీద చూపించిన గీత మార్చి దాకా దాదాపు అడ్డంగా నడిచి, అక్కడ గడప ఎక్కినట్టు కాస్త పైకి లేచింది. లేచిన ఎత్తులోనే మళ్లీ అడ్డంగా సాగింది. తేడా మూడు శాతం.

"ఎప్పుడో పేలిపోయిన నక్షత్రం మిగిల్చిన మేఘం ఇది. దీని బ్రైట్‌నెస్ మారదని ప్రపంచంలో అందరూ స్కేల్‌లాగా వాడుకుంటున్నారు. మన డేటాలో మాత్రం మార్చి తర్వాత పెరిగింది. రెండు పద్ధతుల్లో చెక్ చేశాను సార్," అన్నాడతను.

గదిలో ఉన్నవాళ్లు కుర్చీల్లో కొంచెం ముందుకు జరిగారు. బెంగళూరు శివార్లలో యలహంక దాటాక కొంత దూరంలో ఉండే ఆ సంస్థలో సోమవారం సమావేశాలు మామూలుగా టీ కప్పులతో మొదలై టీ కప్పులతోనే ముగుస్తాయి. ఇలాంటి మాట వినపడి చాలా కాలమైంది.

ప్రాజెక్టుకు పెద్ద అయిన ఆదినారాయణప్ప కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "మార్చిలోనే కదప్పా మన ఆరో నంబరు పోయింది?"

"అవును సార్. దానికి కరెక్షన్ చేశాక మిగిలిందే ఈ మూడు శాతం."

వెనక వరుసలో కూర్చున్న పుష్పావతి ఆ గీత లేచిన చోటునే చూస్తూ ఉంది.

ఆ దూరదర్శిని ఉపగ్రహం మీద పైకి వెళ్లి ఆరేళ్లు దాటింది. గామా కిరణాలను అద్దాలు పట్టి నిలపలేవు కాబట్టి దానికి అద్దాలు లేవు. నాలుగు వరుసల్లో నాలుగేసి చొప్పున పదహారు స్ఫటికాలున్నాయి. ఒక్కొక్కటి బట్టల సబ్బు బిళ్లంత ఉంటుంది. గామా కణం వచ్చి ఒక స్ఫటికంలో పడి తన శక్తినంతా అక్కడే వదిలేస్తే లెక్క సులువు. దాన్ని ఆఫీసులో సింగిల్ అంటారు. చాలాసార్లు అలా జరగదు. కణం ఒక స్ఫటికంలో కొంత శక్తి వదిలి, పక్కకు చెదిరి, పొరుగు స్ఫటికంలో పడి మిగిలిన శక్తిని అక్కడ వదులుతుంది. రెండు స్ఫటికాలూ ఒకే క్షణంలో కబురు పంపుతాయి. అది డబుల్. వచ్చింది ఒకే కణం కనుక రెండు చోట్ల పడిన శక్తినీ కలిపి ఒక్కటిగానే లెక్క కట్టాలి. ఆ కలిపే ప్రోగ్రాం రాసింది పుష్పావతి.

డబుల్స్ లెక్క చిక్కుగా ఉంటుందని చాలామంది సింగిల్స్‌తోనే సరిపెట్టుకుంటారు. అచ్యుత్ గీత కూడా సింగిల్స్‌తో గీసిందే. మార్చిలో ఆరో స్ఫటికానికి కరెంటు అందించే భాగం పాడై అది మూగబోయింది. అంతవరకూ ఆరుతో కలిసి డబుల్‌గా నమోదైన కణాలు ఆ తర్వాత పొరుగు స్ఫటికాల్లో సింగిల్స్‌గా కనిపించసాగాయి. ఆకాశంలో ఏమీ మారకపోయినా సింగిల్స్ కొంత పెరుగుతాయన్నమాట. ఎంత పెరగాలో తెలుసుకోవడానికి అచ్యుత్ కంప్యూటర్‌లో దూరదర్శిని నమూనా కట్టి, దానిమీద కోట్ల కణాలు కురిపించి, వచ్చిన అంకెను అసలు లెక్కలోంచి తీసేశాడు. తీసేశాక కూడా మూడు శాతం మిగిలింది.

"ఏమమ్మా పుష్పావతీ, నువ్వేమంటావు?" అని అడిగాడు ఆదినారాయణప్ప.

"పెరిగిందేమో సార్. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు," అంది ఆమె. "కానీ మేఘం పెరిగిన నెలా, మన ఆరు పోయిన నెలా ఒకటే కావడం నాకు మింగుడుపడడం లేదు."

అచ్యుత్ మొహంలో ఏ మార్పూ లేదు. ఈ మాట వస్తుందని అతనికి తెలుసు. "అందుకే సిమ్యులేషన్ మూడుసార్లు రన్ చేశాను మేడమ్," అన్నాడు మర్యాదగా.

"వచ్చే నెల ఈ మేఘాన్నే చూసే బయటి గ్రూప్ వాళ్లతో సమావేశం ఉండాది. అంతలోపల మీరిద్దరూ కూర్చొని ఒక మాట మీదికి రాండి," అని ఆదినారాయణప్ప లేచాడు.

సమావేశం అయ్యాక ఇద్దరూ క్యాంటీన్‌కు వెళ్లారు. అచ్యుత్‌కు ఇరవై తొమ్మిదేళ్లు. గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్లది మహదేవపురలో ఒక అపార్ట్‌మెంట్. అన్న ఆ చుట్టుపక్కల టెక్ పార్కులోనే ఉద్యోగం చేస్తాడు. అచ్యుత్ ఫెలోషిప్ వచ్చే ఏడాదితో ముగుస్తుంది. ఆ మేఘం నిజంగా వెలిగి ఉంటే అతనికి ఎక్కడైనా స్థిరమైన ఉద్యోగం దొరుకుతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు.

"మీకు నా సిమ్యులేషన్ మీద డౌటా మేడమ్?" అడిగాడతను.

"నీ మీద కాదు. ఏ సిమ్యులేషన్ మీదైనా అంతే. డబుల్స్ విషయంలో అది నిజంతో సరిపోతుందని మనం ఎప్పుడూ సరిచూడలేదు. ఒక స్ఫటికాన్ని ఆపి, పొరుగువాటిలో ఏం జరుగుతుందో కళ్లారా చూస్తే తెలుస్తుంది."

"పైన ఉన్నదాన్ని ఎలా చూస్తాం?"

"కింద ఒకటి ఉంది," అంది పుష్పావతి. "మ్యూజియంలో."

పైకి పంపిన దూరదర్శినితో పాటే, అచ్చం అలాంటిదే ఇంకొకటి కట్టారు. ప్రయోగం ముందు మొదటిదానికి ఏదైనా జరిగితే ఉంటుందని. ఏమీ జరగలేదు. రెండోది కొన్నేళ్లు అలమరలో ఉండి, చివరికి నగరం నడుమ ఉన్న ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు చేరింది. అచ్యుత్ అప్పటికి ఇక్కడ చేరలేదు. ఆ యంత్రం ఎలా ఉంటుందో అతను బొమ్మల్లో చూడడమే.

ప్రదర్శనశాల బాధ్యతలు చూసే అక్కయమ్మ యాభై దాటిన మనిషి. పుట్టి పెరిగింది బెంగళూరు పేటలోనే. పుష్పావతి వచ్చిన పని చెప్పగానే ఆమె తల అడ్డంగా ఊపింది.

"తీసకపోనిచ్చేది కాదమ్మా. పోయినసారి ఒకరు ఇంజను నమూనా రిపేరుకని తీసకపోయినారు, మళ్లీ తేనేలేదు. ఆ జాగాలో ఇప్పుడు పూలకుండీ ఉండాది."

"మూడు వారాలు చాలు అక్కయమ్మగారూ. నేనే తెచ్చి పెడతాను."

"నీ మీద నమ్మకం లేక కాదు. మీ ఆఫీసు లారీ, మీ ఆఫీసు కాగితాలు, వాటి మీద నమ్మకం లేదు." ఆమె టేబుల్ మీది మజ్జిగ గ్లాసు పుష్పావతి వైపు జరిపింది. "స్వల్ప తాగు. ఎండలో వచ్చినావు. ఆ పని ఏందో ఈడే చేసుకోరాదా?"

పుష్పావతి ఆ సంగతి ఆలోచించకుండా రాలేదు. కానీ ఒక అడ్డంకి ఉంది. స్ఫటికాలను పరీక్షించాలంటే వాటి ముందు గామా కిరణాలు విడిచేది ఏదో ఒకటి ఉంచాలి. సంస్థలో అలాంటివి సీసపు పెట్టెల్లో ఉంటాయి. వాటిని పదిమంది తిరిగే చోటికి తేవడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. మరి అవి లేకుండా ఎలా అన్నది ఆమె ముందురోజంతా ఆలోచించి, ఒక దారి అనుకుని వచ్చింది.

"ఈడ చేస్తే ఒక మూట పొటాష్ తేవాల్సి ఉంటుంది," అంది.

"పొటాష్ అంటే? ఎరువా?"

"ఆ ఎరువే. తోటలకు వేస్తారే. పొటాషియంలో ఎప్పుడూ ఒక రవ్వ భాగం గామా కిరణాలు విడుస్తా ఉంటాది. మాకు కావాల్సిన శక్తిలోనే విడుస్తాది."

అక్కయమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. "రేడియేషనా? పిల్లకాయలు వచ్చే జాగా ఇది, పుష్పావతమ్మా."

"మనం తినే అరటిపండులో ఉండేదే. మీ ఒంట్లో, నా ఒంట్లో కూడా ఉండాది. ఎరువుల అంగడి ఆయన జీవితమంతా ఆ మూటల నడుమే కూర్చుంటాడు. ఒక్క మూటతో ఎవరికీ ఏమీ కాదు. మీకు భయంగా ఉంటే మా భద్రత ఆఫీసరుతో కాగితం రాయించి తెస్తాను."

"కాగితం తే. అది నాకోసం కాదు, రేపు ఎవరన్నా అడిగితే చూపించేదానికి." అక్కయమ్మ లేచి కిటికీ తలుపు ఒకటి మూసింది. "ఇంకొకటి. నేను హాలు మూసేది లేదు. పిల్లకాయలు వస్తారు, మీరేం చేస్తా ఉండారని అడుగుతారు. అడిగినోళ్లకు చెప్పాల. సుమ్నే ఊరికే పక్కకు పొమ్మనకూడదు. ఆమేలె, చివరి మాట, మూట కింద ప్లాస్టిక్ పట్టా వేయండి. నేల నిన్ననే తుడిపించినా."

పుష్పావతి ఆ సాయంత్రమే అన్న పెద్దమునియప్పకు ఫోన్ చేసింది. ఆయన చింతామణి దగ్గర టమాట సాగు చేస్తాడు. వారానికి ఒకటి రెండుసార్లు సరుకుతో వచ్చే వ్యాను యలహంక మీదుగానే పోతుంది.

"అన్నా, ఇంట్లో పొటాష్ మూట ఉండాదా?"

"ఉండాది. నీకెందుకు మే? మిద్దె మీద తోట పెట్టినావా?"

"లేదు. మా టెలిస్కోపుకు కావాల."

"ఎర్రది కావాల్నా, తెల్లదా?"

"ఏదైనా పర్వాలేదు. తెరవని మూట అయితే మంచిది."

"ఎర్రదే ఉండాది. గురువారం వ్యాన్లో పంపిస్తా. మళ్లీ తిరిగి ఇస్తావా, మీ టెలిస్కోపు తినేస్తాదా?"

"ఒక గింజ కూడా తగ్గదు అన్నా."

"అట్లయితే ఏం పని చేయిస్తావో ఏమో," అని ఆయన నవ్వి, పిల్లల చదువుల సంగతి అడగడంలో పడ్డాడు.

మ్యూజియం హాలులో ఆ యంత్రాన్ని నిలువుగా, స్ఫటికాలు చూపరుల వైపు కనబడేలా ఒక ఇనుప చట్రంలో బిగించి ఉంచారు. అద్దం పెట్టె తీశాక పుష్పావతి ముందుగా మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపింది. ప్రతి స్ఫటికం కింద ఒక చిన్న చీటీ, దానిమీద అంకె. పన్నెండేళ్ల కిందట ఆమే అంటించింది. ఏడు నంబరు చీటీ కొంచెం వంకరగా ఉంది.

అచ్యుత్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూస్తున్నాడు.

"ఇంత చిన్నదా?" అన్నాడు చివరికి.

"నువ్వు ఎంత ఉంటుందనుకున్నావు?"

"కొలతలన్నీ నాకు తెలుసు మేడమ్. మిల్లీమీటర్లతో సహా. అయినా పెద్దదనిపించేది."

మూటను ఒక బల్ల మీద, స్ఫటికాలకు ఎదురుగా పెట్టారు. కింద పట్టా పరిచారు. కరెంటు పెట్టె, తీగలు, లాప్‌టాప్ అమర్చేసరికి మధ్యాహ్నమైంది. స్ఫటికాల వెనక పచ్చదీపాలు ఒక్కొక్కటే వెలిగాయి. అన్నీ పనిచేస్తున్నాయని తెలిశాక పుష్పావతికి గుండెల మీది బరువు దిగింది. ఇన్నేళ్లు ఊరికే ఉన్న యంత్రం ఇంత సులువుగా లేస్తుందని ఆమె అనుకోలేదు.

లాప్‌టాప్ తెరమీద చుక్కలు పోగై, నెమ్మదిగా ఒక చోట గోపురంలా లేచాయి. పొటాషియం విడిచే కిరణాల శక్తి అదే. అది సింగిల్స్ గీత. అదే తెరమీద పక్క విండోలో డబుల్స్. విడివిడిగా చూస్తే రెండు శక్తులూ చెల్లాచెదురుగా ఉన్నాయి. పుష్పావతి ప్రోగ్రాం వాటిని జంటలుగా కలపగానే అక్కడ కూడా అదే చోట అదే గోపురం లేచింది.

"బాగుంది," అన్నాడు అచ్యుత్. అతను ఇంతవరకూ డబుల్స్ గీతను కూర్చుని చూసింది లేదు.

మధ్యాహ్నం తర్వాత ఒక స్కూలు పిల్లలు వచ్చారు. సిమెంటు మూటా అని ఒకరూ, మైసూర్ పాక్ పిండా అని ఇంకొకరూ అడిగారు. పుష్పావతి కన్నడంలో, మధ్యమధ్య తెలుగులో వాళ్లకు చెప్పింది. మూటలోంచి కంటికి కనబడని కణాలు వస్తున్నాయనీ, ఒక్కో కణం ఒక్కోసారి ఒక గదిలో తగిలి పక్క గదిలోకి దూకుతుందనీ, అది రెండు గదుల్లో కనబడినా ఒక్కటేనని మరిచిపోకూడదనీ. అచ్యుత్ అంతసేపూ లాప్‌టాప్ వెనకే ఉన్నాడు. అతనికి కన్నడం అంతంతమాత్రం. అదీకాక పిల్లలతో ఏం మాట్లాడాలో ఎప్పుడూ తోచదు.

పదహారూ పనిచేస్తుండగా ఒక రోజంతా కొలిచారు. మర్నాడు పొద్దున అచ్యుతే ఆరో నంబరు స్విచ్ ఆపాడు. పచ్చదీపం ఆరిపోయింది. ఆరుకు ఆనుకుని ఉన్నవి నాలుగు: పైన రెండు, కింద పది, ఎడమన ఐదు, కుడివైపు ఏడు. ఆ నాలుగింటి సింగిల్స్ పెరుగుతాయని ఇద్దరికీ తెలుసు. ఎంత అన్నదే ప్రశ్న. అచ్యుత్ ముందే ఈ మూటకు, ఈ దూరానికి సిమ్యులేషన్ చేసి అంకె తెచ్చుకున్నాడు. దాన్ని పుష్పావతికి పంపాడు కూడా, తర్వాత ఎవరూ మార్చామని అనుకోకుండా.

సాయంత్రానికి అంకెలు నిలకడగా వచ్చాయి. అచ్యుత్ ఒకసారి చూసి, మళ్లీ మొదటినుంచి లెక్కవేశాడు. పుష్పావతి ఈలోగా టిఫిన్ డబ్బాలు విప్పి, ఇంటినుంచి తెచ్చిన చిత్రాన్నం రెండు మూతల్లో పెట్టింది.

"నా అంకెకు దాదాపు రెట్టింపు వచ్చింది మేడమ్," అన్నాడతను.

"నాలుగింటిలోనూ?"

"నాలుగింటిలోనూ. కొంచెం అటూ ఇటుగా."

పుష్పావతికి ఇలా వస్తుందేమోనని అనుమానం ఉండేది. వచ్చాక మాత్రం సంతోషం అనిపించలేదు. మూత అతని వైపు జరిపింది. అతను తీసుకోలేదు.

"హాలు గోడల్లోంచి వచ్చేవి కలిసి ఉంటాయేమో," అన్నాడు.

"మూట తీసేసి కూడా కొలిచి అది తీసేశాం కదా."

"అవును. మరి టైమ్ విండో? ఎంత తేడాలో వస్తే జంట అనుకుంటామో అది?" అన్నాడు.

"అది పైనా కిందా ఒకటే."

అతను లేచి యంత్రం దగ్గరికి వెళ్లాడు. స్కూలు పిల్లలంతా వెళ్లిపోయి హాలు ఖాళీగా ఉంది. పదిహేను పచ్చదీపాలు వెలుగుతున్నాయి. ఆరో నంబరు దీపం లేదు. అయితే దాని ముందు స్ఫటికం మాత్రం మిగతావాటిలాగే కిటికీ వెలుతురులో లేత పసుపుగా మెరుస్తోంది. అచ్యుత్ వంగి దాన్ని దగ్గరగా చూశాడు.

"మేడమ్," అన్నాడు వెనక్కి తిరగకుండా. "ఇది ఇక్కడే ఉంది కదా."

"ఏది?"

"ఆరో నంబరు. ఆపేసినా ఇక్కడే ఉంది. నేను సిమ్యులేషన్‌లో దీన్ని తీసేశాను. ఫైల్‌లో ఒక్కో క్రిస్టల్‌కి ఒక్కో లైన్ ఉంటుంది. పనిచెయ్యడం లేదు కదా అని ఆరో లైన్ డిలీట్ చేశాను. అక్కడ ఖాళీ అయిపోయింది. నా సిమ్యులేషన్‌లో కణాలు ఆ ఖాళీలోంచి నేరుగా వెళ్లిపోతాయి."

పుష్పావతి మూత కింద పెట్టింది.

"ఐదులో తగిలి ఆరులోకి వెళ్లేవాటిని నేను లెక్కపెట్టాను," అన్నాడతను. అతని గొంతు మామూలుగానే ఉంది, మాటలు మాత్రం నెమ్మదిగా వస్తున్నాయి. "కానీ ముందు ఆరులో తగిలి, ఐదులోకి చెదిరేవి కూడా ఉంటాయి. ఆరు మాట్లాడదు అంతే, తగలకుండా ఉండదు. అవి ఐదులో సింగిల్స్‌గా కనిపిస్తాయి. నా లెక్కలో అవి అసలు లేవు. సగం వదిలేశాను."

పుష్పావతి లేచి అతని పక్కన నిలబడింది. అతను చెప్పింది సరైనదేనని ఆమెకు విన్న మరుక్షణం అర్థమైంది. తనకు తట్టనందుకు ఆశ్చర్యమేసింది. సిమ్యులేషన్ ప్రోగ్రాంలో ఎక్కడో పొరపాటు ఉంటుందని ఆమె వారం రోజులుగా వెతుకుతూ ఉంది. ఇది ఇంత పక్కన ఉందనుకోలేదు.

"ఇప్పుడే ఆ లైన్ మళ్లీ పెట్టి చూడు," అంది.

అతను పెట్టాడు. స్ఫటికం అక్కడే ఉండి, దాని కబురు మాత్రం అందనట్టుగా రాసి, మళ్లీ నడిపించాడు. కంప్యూటర్ పని ముగించేదాకా ఇద్దరూ చిత్రాన్నం తిన్నారు. అక్కయమ్మ తలుపు దగ్గరికి వచ్చి, తాళం వేసే వేళయిందని చెప్పబోయి, వాళ్ల మొహాలు చూసి, ఇంకొంచెంసేపు ఉండమని సైగ చేసి వెళ్లింది.

కొత్త అంకె, మూట చెప్పిన అంకె ఒకదానికొకటి ఆనుకుని వచ్చాయి.

మేఘం సంగతి తేలడానికి ఇంక ఎక్కువసేపు పట్టలేదు. ఆ రాత్రి అచ్యుత్ ఇంటినుంచే లెక్క మార్చి వేసి, పొద్దున్నే పుష్పావతికి గీత పంపాడు. మార్చిలో గడప లేదు. గీత ముందు ఎలా వచ్చిందో తర్వాతా అలాగే పోయింది. కింద ఏమీ రాయలేదు. పుష్పావతి బస్సులో నిలబడి దాన్ని చూసింది. ఏదైనా రాద్దామనుకుని, ఏం రాసినా ఓదార్పులాగే ఉంటుందనిపించి ఊరుకుంది. ఆఫీసుకు వచ్చాక నేరుగా అతని గదికి వెళ్లింది.

"నిద్రపోయావా?"

"పోయాను మేడమ్. బానే పట్టింది." అతను కుర్చీ ఆమెవైపు జరిపాడు. "బయటి గ్రూప్ వాళ్లకి మెయిల్ రాస్తున్నాను, పెరగలేదని. మూడుసార్లు రాసి మూడుసార్లు కొట్టేశాను. ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు."

"పెరగలేదు అని మొదలుపెట్టు."

అతను కొంచెం నవ్వాడు. తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, "బాధగా ఉంది. లేదని చెప్పను," అన్నాడు. "మా అన్నయ్యకి కూడా చెప్పేశాను మొన్న, పెద్ద పేపర్ వస్తోందని. నిన్న వాడికి ఇదంతా చెప్తే, పబ్లిష్ కాకముందే దొరికింది కదా, ఇంకేం అన్నాడు. వాళ్ల ఆఫీసులో బగ్ దొరికితే పార్టీ చేసుకుంటార్ట."

"మనం కూడా చేసుకుందాం. క్యాంటీన్లో మసాలా దోసె."

"అది రోజూ తినేదే కదా మేడమ్."

"అయితే రెండు తిను."

సోమవారం సమావేశంలో అచ్యుత్ తనే నిలబడి అంతా చెప్పాడు. తప్పు ఎక్కడ జరిగిందో దాచలేదు, అలాగని తనను తాను నిందించుకోలేదు కూడా. మొదటి గీత, ఫైల్‌లో తీసేసిన లైన్, పొటాష్ మూట ఫోటో, చివరి గీత, వరసగా చూపించాడు. మూట ఫోటో దగ్గర అందరూ నవ్వారు. ఆదినారాయణప్ప నవ్వలేదు. ఆయన చివరి గీతను చాలాసేపు చూశాడు.

"ఆపిన స్ఫటికం లైన్ తీసేయడం ఎవరు నేర్పినారప్పా నీకు?"

"పాత ఫైల్స్‌లో అలాగే ఉంది సార్. పరీక్షల టైమ్‌లో రాసినవి."

"అవి నేను రాసినవే," అన్నాడు ఆదినారాయణప్ప. "అప్పుడు కొన్ని స్ఫటికాలు నిజంగానే బిగించలేదు. ఖాళీ జాగాలు ఉన్నాయి. ఆ మాట పక్కన రాసి పెట్టుండాల్సింది." కళ్లద్దాలు పెట్టుకుని, "మరి రేపు ఇంకొకటి పోతే?" అని అడిగాడు.

"మిగతా పదిహేను కూడా ఒక్కొక్కటే ఆపి కొలుస్తాను సార్. అంచున ఉన్నవాటికి పొరుగువి తక్కువ, మధ్యవాటికి ఎక్కువ. ఒకదాని అంకె ఇంకోదానికి సరిపోదు. అన్నిటికీ పట్టిక ఉంటే ఏది పోయినా ఇబ్బంది ఉండదు. ఇంకోటి సార్. డబుల్స్‌ని పారేయకుండా వాడదామనుకుంటున్నాను. ప్రతి జంటనీ ఒక వేరే డిటెక్టర్‌లాగా తీసుకుంటే సరిపోతుంది. మేడమ్ ప్రోగ్రాంలో అంతా రెడీగానే ఉంది. ఎవరూ వాడలేదంతే."

పుష్పావతి ఆ మాటకు తల వంచుకుని పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి చేసింది. ఆ ప్రోగ్రాం రాసిన కొత్తలో ఆమె దానిగురించి ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది.

"చేయండి," అన్నాడు ఆదినారాయణప్ప.

అక్కయమ్మను అడగడానికి ఈసారి అచ్యుత్ ఒక్కడే వెళ్లాడు. పదిహేనూ కొలవాలంటే నెల పైన పడుతుంది. ఆమె అంతా విని, "నెలంతా పిల్లకాయలకు ఎవరు చెప్తారు? ఆ యమ్మ రోజూ రాదు కదా," అంది.

"నేను చెప్తానండీ. నాకు కన్నడ సరిగా రాదు."

"రాకుంటే తెలుగులో చెప్పు. సగం మందికి అర్థమవుతాది. మిగతా సగానికి ఆ సగం మంది చెప్తారు." మూటను పక్కగదిలో చెక్కపలక మీద పెట్టించానని, గాలికి చెమ్మ పట్టకుండా ప్లాస్టిక్ కవరు కప్పించానని కూడా ఆమె చెప్పింది.

జూన్ చివర ఒక శనివారం పుష్పావతి పని చూద్దామని మ్యూజియానికి వెళ్లింది. బయట సన్నగా వాన. హాలులో ఒక బడి పిల్లలు యంత్రం చుట్టూ మూగి ఉన్నారు. నడుమ అచ్యుత్ ఒక చేత్తో రెండు స్ఫటికాల మధ్య దారి గీస్తూ, తెలుగూ కన్నడమూ కలిపి ఏదో చెబుతున్నాడు. కన్నడం మాటలు తప్పుగా పడినప్పుడల్లా పిల్లలు దిద్దుతున్నారు. అతను ఆ మాటను మళ్లీ సరిగా పలికి ముందుకు సాగుతున్నాడు.

ఆమె వెనకాలే నిలబడి విన్నది. పట్టికలో ఇంక నాలుగు స్ఫటికాలే మిగిలాయని ముందురోజు అతను చెప్పాడు. మేఘం గురించి రాసిన పేపర్ ఇప్పుడు మూగబోయిన స్ఫటికం గురించిన పేపర్ అయింది. పేర్ల వరసలో మొదట అతనిది, తర్వాత ఆమెది. అది అతనికి ఉద్యోగం తెచ్చిపెడుతుందో లేదో ఇద్దరికీ తెలియదు. బయటి గ్రూప్ వాళ్లు మాత్రం తమ దూరదర్శినిలో కూడా ఒకటి పోయిందనీ, తాము కూడా లైన్ తీసేశామేమో చూసుకుంటున్నామనీ రాశారు.

పిల్లలతో వచ్చిన ఉపాధ్యాయిని పదకొండో నంబరు వెనక దీపం లేకపోవడం గమనించింది.

"ఇది పాడైపోయిందాండీ?" అని అడిగింది.

"లేదండీ, నేనే ఆపాను," అన్నాడు అచ్యుత్. "సాయంత్రం మళ్లీ వేస్తాను."